అరవై దాటాక చూపు మసకబారితే అది శుక్లమేనా?

మీ అమ్మగారికి 61 ఏళ్లని, చూపు మసకబారుతోందని, అందరూ శుక్లమేనంటున్నందున అది ముదిరేదాకా ఆగవచ్చా అని అడిగారు. దయచేసి ఆగకండి. పరీక్ష చేయించకుండా అది శుక్లమేనని ఎవరూ చెప్పలేరు.

మా బాపు వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేవారు. ఒక ఏడాది ఆయన చత్వారపు అద్దాలు పక్కన పెట్టి ఉత్త కళ్లతోనే పేపరు చదవసాగితే, చూపు బాగుపడిందని ఇంటిల్లిపాదీ సంతోషించాం. కంటిలోని కటకం గట్టిపడేటప్పుడు కొందరికి కొంతకాలం దగ్గరి చూపు అలా మెరుగవుతుందని, అది శుక్లానికి గుర్తని అప్పుడు మాకు తెలియదు. తర్వాత ఒకరోజు ముదురు నీలం నూలును, నల్ల నూలును పక్కపక్కన పెట్టుకుని రెండూ ఒకటేనని నాతో వాదించారు. పసుపుబారిన కటకం నీలి వెలుగును సరిగా లోపలికి రానివ్వదు. తెలంగాణ ప్రభుత్వం 2018లో మొదలుపెట్టిన కంటి వెలుగు పరీక్షల శిబిరంలో శుక్లమని తేలింది; ఆపరేషన్ చేసి కృత్రిమ కటకం అమర్చాక ఆయనకు రంగులు మళ్లీ తెలిశాయి.

మా చిన్నమ్మ సంగతి వేరు. బియ్యంలో మెరిగెను కూడా ఏరగలిగే ఆమెకు, నడిచేటప్పుడు మాత్రం ఎడమ భుజం దర్వాజకు తగిలేది. అద్దాల దుకాణంలో రెండుసార్లు నంబరు మార్పించుకున్నాం గానీ, కంటి ఒత్తిడి కొలిపించాలని మాకు తోచలేదు. చివరికి నీటికాసులని (గ్లకోమా) తేలింది. కంటిలో ఊరే ద్రవం సరిగా బయటికి పోక ఒత్తిడి పెరిగితే చూపు నరం దెబ్బతింటుంది; చాలామందికి నొప్పే ఉండదు, చూపు పక్కల నుంచి తరుగుతూ వస్తుంది. శుక్లంలా కాదు, ఇందులో పోయిన చూపు తిరిగి రాదు, చుక్కల మందు మిగిలినదాన్ని కాపాడుతుంది. అద్దాల నంబర్లు మారుస్తూ పోగొట్టుకున్న ఆ రెండేళ్లూ మాకు ఇప్పటికీ బాధే.

అందుకే డాక్టరు దగ్గర ఒత్తిడితో పాటు నరాన్నీ చూడమని అడగండి. ఒత్తిడి మామూలు స్థాయిలోనే, అంటే 10 నుంచి 21 మి.మీ. (పాదరసం) మధ్యే ఉన్నా కొందరికి నరం పాడవుతుంది. షుగరు ఉంటే కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి రెటీనా (కంటి లోపలి వెనుక పొర) పరీక్ష ఏటా చేయించాలి. నీటికాసులు రక్తసంబంధీకులకూ వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి ఇప్పుడు మా అమ్మా, చిన్నమ్మ పిల్లలూ ఏటా వెళ్తున్నారు.

ఈలోగా ఇంట్లో అమ్మగారిని ఒక కన్ను మూసి రెండో కంటితో గోడమీది క్యాలెండరు చూడమనండి. ఒక కంటి లోపాన్ని రెండోది కప్పిపెడుతుంది; మా చిన్నమ్మ ఎడమ కన్ను సంగతి మాకు అలాగే ఆలస్యంగా తెలిసింది.