మనకు వీపు చూపే పిల్లవాడు

ప్రశ్న: కువైట్‌లో డ్రైవరుగా పనిచేస్తున్నాను. ఇక్కడి పాలస్తీనా మిత్రుడు ఒకడు ఫోనులో తరచూ ఒకే పిల్లవాడి బొమ్మ పంపుతుంటాడు. చెప్పుల్లేని కాళ్లు, అతుకుల చొక్కా, వెనక్కి కట్టుకున్న చేతులు. ముఖం మాత్రం కనిపించదు. ఒక్కోసారి వాడి ఎదుట ఎవరో నాయకుల ఫొటో అతికించి అరబ్బీలో ఏదో రాస్తారు. ఎవరీ పిల్లవాడు? నా స్టేటస్‌లో పెట్టుకోవచ్చా?
— రాజంపేట పాఠకుడు

జవాబు: ఆ పిల్లవాడు మీరుంటున్న కువైట్‌లోనే పుట్టాడండీ! 1969లో అక్కడి అల్ సియాసా పత్రికలో పాలస్తీనా కార్టూనిస్టు నాజీ అల్ అలీ మొదటిసారి గీశారు. పేరు హందలా. మీ సీమలో పాపరకాయ అంటారే, ఆ చేదుకాయ పేరే పెట్టారు. కోసేసినా మళ్లీ చిగురించే తీగ అది.

1948లో ఇజ్రాయెల్ ఏర్పడినప్పటి యుద్ధంలో నాజీ అల్ అలీ, పదేళ్ల వయసులో, పాలస్తీనాలోని గలిలీ ప్రాంతంలో ఉన్న అల్ షజరా అనే సొంత ఊరు వదిలి లెబనాన్‌లోని శరణార్థి శిబిరానికి చేరారు. అందుకే హందలాకు ఎప్పుడూ పదేళ్లే. ఊరికి తిరిగి వెళ్లాకే పెరుగుతాడని ఆయన అనేవారు. 1973 నుంచి వాడు మనకు వీపు తిప్పాడు, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. బయటివాళ్లు తెచ్చే రాజీలకు ఒప్పుకోనని దాని అర్థం. వాడి ముఖం మనకు కనిపించదు కాబట్టి, వాడు దేన్ని చూస్తున్నాడో మనమూ దాన్నే చూడాల్సి వస్తుంది. ఆ గీతలోని శక్తి అంతా అక్కడే ఉందని నా నమ్మకం. మీ మిత్రుడు పంపే మీముల్లో నాయకులు మారుతుంటారు, చూసేవాడు మాత్రం వాడే.

నాజీ అరబ్ పాలకులనూ వదల్లేదు. 1987 జూలై 22న లండన్‌లో పత్రికాఫీసు దగ్గర ఆయనపై కాల్పులు జరిగాయి. ఆగస్టు 29న కన్నుమూశారు. చంపిందెవరో నేటికీ తేలలేదు.

చేతుల మాట వచ్చింది కాబట్టి సిరియా కార్టూనిస్టు అలీ ఫర్జాత్ సంగతీ చెబుతాను. అప్పటి సిరియా అధ్యక్షుడు అసద్ పెట్టె పట్టుకుని, పారిపోతున్న లిబియా పాలకుడు గడాఫీ కారులోకి ఎక్కబోతున్నట్టు 2011లో ఆయన ఒక బొమ్మ గీశారు. ఆ ఆగస్టు 25న ముసుగు మనుషులు డమాస్కస్‌లో ఆయన్ను పట్టుకుని చేతులు విరగ్గొట్టారు. కోలుకుని ఆయన మళ్లీ గీశారు. పదమూడేళ్లకు, 2024 డిసెంబరులో, అసద్ నిజంగానే రష్యాకు పారిపోయాడు.

ఇక స్టేటస్ విషయం. కువైట్‌లో 2015 నాటి సైబర్ చట్టం కఠినమైనది, విదేశీయులను దేశం నుంచి పంపించేయగలరు కూడా. జోర్డాన్‌లో ఇమాద్ హజ్జాజ్ అంతటి పేరున్న కార్టూనిస్టునే 2020లో ఒక్క బొమ్మకు అరెస్టు చేశారు. మీ మీద ఆధారపడిన ఇల్లు ఉంది. అరబ్బీలో ఏం రాసి ఉందో తెలియని బొమ్మను దయచేసి ఎవరికీ పంపకండి.

కానీ ఆ మిత్రుడికి జవాబివ్వకుండా ఉండిపోకండి. టీ తాగేటప్పుడు పక్కన కూర్చుని, వాళ్ల తాతగారిది ఏ ఊరని అడగండి.