ముందు పంచాంగం చూడు, తర్వాతే టికెట్టు

అమ్మడూ,

నువ్వూ, బరంపురంలో నీతో చదివే పిల్లలూ రాజస్థాన్‌లోని జైసల్మేర్ ఎడారికి వెళ్తున్నారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. తనకి టెన్షన్, నాకు మాత్రం పట్టలేనంత సంతోషం. ఆర్మీలో డ్రైవరుగా ఆ ఇసుకలో రెండేళ్ళకు పైగా బండి నడిపినవాణ్ణి, నాకు తెలిసింది నీకు చెప్పకుండా ఎలా ఉంటాను?

అక్కడ చుక్కలు బాగా చూడాలంటే టికెట్లు బుక్ చేసే ముందు తిథి చూసుకో. జైసల్మేర్‌లో ఎడారి ఉత్సవం మాఘ పౌర్ణమికి జరుగుతుంది. ఒంటెల పందేలు, పాటలు చూడాలంటే అప్పుడే వెళ్ళాలి గానీ, నిండు వెన్నెల్లో చుక్కలు సగం కూడా కనబడవు. రెండు వారాలు ఆగి శివరాత్రికి అక్కడ ఉండేలా పెట్టుకోండి. ఆ తర్వాత అమావాస్యే కాబట్టి రాత్రంతా చీకటి, పైగా జాగారం కూడా కలిసొస్తుంది. చీకటంటే ఎలాంటిదో నీకు తెలుసు. 2018లో తిత్లీ తుపానుకి మన పర్లాకిమిడిలో కరెంటు పోయినప్పుడు, నెలవంక గుంకిపోయాక మేడ మీద నా చెయ్యి పట్టుకుని "మావయ్యా, పైన ఆ పొగేంటి?" అని అడిగావు. అది పాలపుంత. వీధి దీపాలు మళ్ళీ వెలిగాక ఇంకెప్పుడూ మనకి కనబడలేదు. ఇప్పుడు నువ్వు అంత దూరం వెళ్తున్నది దానికోసమే అనుకో.

అందుకే సమ్ అనే చోట ఉన్న ఇసుక దిబ్బల దగ్గర రాత్రి ఉండొద్దు. ఊరికి 40 కిలోమీటర్ల దూరంలో ఉన్నా, అక్కడ వరసగా టెంట్లు, దీపాలు, అర్ధరాత్రి దాకా స్పీకర్లు. ఖురీ అనే పల్లె వైపు వెళ్ళండి, అది నయం. అక్కడ కూడా డబ్బు కట్టే ముందే "రాత్రి తొమ్మిది తర్వాత దీపాలు ఆర్పుతారా?" అని అడిగి, సరే అన్నవాళ్ళ దగ్గరే దిగండి. సరిహద్దు వైపు కొన్ని ఊళ్ళకి అనుమతి లేకుండా పోనివ్వరు, ఆధార్ కార్డులు దగ్గర పెట్టుకోండి, ఎవరో తీసుకెళ్తామన్నారని ఎక్కడికి పడితే అక్కడికి పోవద్దు. దారిలో అక్కడక్కడా ఖేజ్రీ అనే చెట్టు కనిపిస్తుంది, అది మన దసరా జమ్మిచెట్టే. మొదటిసారి దాన్ని చూసినప్పుడు నాకు ఇల్లు గుర్తొచ్చి గొంతు పట్టేసింది.

జీపుకి ఆ ఊరి డ్రైవరునే మాట్లాడుకోండి. ఇసుకలోకి దిగే ముందు టైర్లలో గాలి కొంచెం తీస్తున్నాడో లేదో చూడు, తీసేవాడికి పని తెలుసు. చక్రం కూరుకుపోతే యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఇంకా దిగుతుంది, అందరూ దిగి చేతులతో ఇసుక తవ్వడమే మంచిది. ఏం జరిగినా బండిని వదిలి నడిచి మాత్రం వెళ్ళకండి. నీళ్ళు మనిషికి రోజుకు నాలుగైదు లీటర్లు పెట్టుకోండి. మన దగ్గరైతే చెమటతో చొక్కా తడుస్తుంది కాబట్టి తెలుస్తుంది, అక్కడి పొడి గాలికి చెమట పట్టినట్టే ఉండదు, ఒంట్లో నీళ్ళు మాత్రం పోతూనే ఉంటాయి. దాహం వేసేదాకా ఆగకూడదు.

ఫిబ్రవరి చివర్లో పగలు 28 డిగ్రీల దాకా ఉన్నా, తెల్లవారేసరికి దాదాపు 12కి పడిపోతుంది. గాలిలో తేమ లేదు, పైన మబ్బు లేదు, పగలు పట్టిన వేడంతా ఇసుక రాత్రికి వదిలేస్తుంది. పడుకుని ఆకాశం చూసేటప్పుడు చలి వీపు కిందనుంచి వస్తుంది, అందుకని కింద మందపాటి దుప్పటి, కాళ్ళకి మేజోళ్ళు, చెవులకి టోపీ ఉండాలి. బూట్లు వేసుకునే ముందు ప్రతిసారీ దులుపు, తేళ్ళు దూరతాయి. చిన్నపింజర పాము కూడా రాత్రే తిరుగుతుంది, టార్చి లేకుండా అడుగు తీసి అడుగు వెయ్యొద్దు.

ఆ టార్చికి ఎర్ర కాగితం చుట్టు. కళ్ళు చీకటికి అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఒక్కసారి ఫోన్ తెరిచారంటే మళ్ళీ మొదటికొస్తుంది. నీ స్నేహితురాళ్ళకి ఇది ముందే చెప్పి ఒప్పించు.

ఒక రాత్రి నేను టెంటు నుంచి రెండొందల అడుగులు కూడా పోలేదు, వెనక్కి తిరిగితే టెంటు లేదు. మధ్యలో దిబ్బ అడ్డొచ్చింది, ఎటు చూసినా ఒకేలా ఉంది. కేక వేస్తే గాలికి వినబడలేదు. భయంతో ఒళ్ళు చల్లబడిపోయింది. వచ్చేటప్పుడు ధ్రువ నక్షత్రం ఎదురుగా ఉందని గుర్తొచ్చి, దాన్ని వీపు వైపు పెట్టుకుని నడిచాను, టెంటు దొరికింది. కాబట్టి బయటికి వెళ్ళేటప్పుడు ధ్రువుడు ఏ పక్కన ఉన్నాడో చూసుకునే కదులు. సప్తర్షుల్లో ముందు రెండు చుక్కల్ని కలిపి, ఆ దూరానికి అయిదింతలు అదే వరసలో సాగదీస్తే అతనే.

చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు ఆకాశంలో దాదాపు 10 డిగ్రీలు. మన ఊళ్ళో ధ్రువుడు నేల అంచు నుంచి రెండు పిడికిళ్ళ ఎత్తులో ఉంటాడు, జైసల్మేర్‌లో మూడుకి కాస్త తక్కువ. అగస్త్య నక్షత్రం సంగతి దీనికి తలకిందులు. మనకి దక్షిణాన రెండు పిడికిళ్ళ దాకా ఎక్కే చుక్క, అక్కడ రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో ఒక్క పిడికిలి ఎత్తు దగ్గరే ఆగిపోతుంది. నువ్వు ఉత్తరానికి ఎంత దూరం వచ్చావో ఆకాశమే చూపిస్తుంది. బయలుదేరే ముందు మన మేడ మీద ఒకసారి కొలిచి పెట్టుకో.

పాలపుంత కోసం సాయంత్రం చూస్తే పల్చగానే ఉంటుంది. దాని నిండైన భాగం వృశ్చికం దగ్గర ఉంది, తెల్లవారుజామున అయిదింటికి అది ఆగ్నేయం వైపు పైకి వచ్చి ఉంటుంది. అక్కడ సూర్యుడు మనకన్నా దాదాపు గంట ఆలస్యంగా ఉదయిస్తాడు, అయిదూ ముప్పావు దాకా చీకటి ఉంటుంది. ఎంత నిద్రొచ్చినా ఆ ముప్పావు గంట వదలకు, అందర్నీ లేపు.

సాయంత్రం పడమట పిల్లలకోడి, అదే కృత్తికల చుక్కల గుంపు, ఉంటుంది. మన మేడ మీద నుంచి నాకు ఆరు చుక్కలే కనిపిస్తాయి. అక్కడ నీకెన్ని కనిపించాయో లెక్కపెట్టి ఫోన్ చెయ్యి.

మీ మావయ్య