పాత రోడ్ సైకిల్ మీద అమరిన తీరు కొత్త సైకిల్ మీదా దొరకాలంటే ఏ సైజు కొనాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: 1980ల నాటి 56 సెంటీమీటర్ల స్టీల్ ఫ్రేమ్ మీద ఏళ్ల తరబడి ఏ నొప్పీ లేకుండా తొక్కారు. ఇప్పుడు ఆ ఫ్రేమ్ పగిలింది. దుకాణంలో 56 సైజు కొత్త సైకిల్ ఎక్కి చూస్తే చేతులు బాగా ముందుకు సాగినట్టు, మెడ ఎత్తి చూడవలసి వచ్చినట్టు అనిపించింది. కాబట్టి 54 కొనడం మంచిదా అని అడుగుతున్నారు. నేనూ అదే కాలపు ట్రెక్ స్టీల్ ఫ్రేమ్ నుంచి కార్బన్ ఫ్రేమ్‌కు మారాను గనుక ఖచ్చితంగా చెప్పగలను: సైజు సంఖ్యను పక్కన పెట్టి, పాత సైకిల్ మీద మీ సీటు, హ్యాండిల్ ఎక్కడున్నాయో కొలిచి, ఆ బిందువులను అందుకోగల ఫ్రేమ్‌ను వెతకండి. చాలావరకు 54 మీ ఇబ్బందిని తగ్గించదు, ఇంకొంచెం పెంచుతుంది.

పాత రోజుల్లో టాప్ ట్యూబ్ (సీటు దగ్గర నుంచి హ్యాండిల్ వైపు వెళ్లే పై గొట్టం) నేలకు సమాంతరంగా ఉండేది కాబట్టి సీటు ట్యూబ్ (సీటు కింది గొట్టం) పొడవు చెబితే ఫ్రేమ్ ఎంతదో దాదాపు తెలిసిపోయేది. 1990ల చివర్లో మైక్ బరోస్ రూపకల్పనలో జైంట్ సంస్థ టీసీఆర్ అనే రోడ్ సైకిల్‌ను తెచ్చినప్పటి నుంచి వాలు టాప్ ట్యూబ్ వ్యాపించింది, దాంతో ఆ సంఖ్య పేరుకు మాత్రమే మిగిలింది. ఇప్పుడు చూడవలసినవి స్టాక్, రీచ్. పెడళ్ల చేతులు తిరిగే ఇరుసు కేంద్రం నుంచి హెడ్ ట్యూబ్ (ఫ్రేమ్ ముందు, హ్యాండిల్ కింద ఉండే పొట్టి గొట్టం) పైఅంచు ఎంత ఎత్తున ఉందో చెప్పేది స్టాక్, ఎంత ముందుకు ఉందో చెప్పేది రీచ్. ఈ రెండూ దాదాపు ప్రతి తయారీదారు పట్టికలోనూ ఉంటాయి.

ఫ్రేమ్ పగిలినా కొలవడానికి పనికొస్తుంది కాబట్టి పాత సైకిల్‌ను అప్పుడే విప్పేయకండి. మట్టంగా ఉన్న నేల మీద, వెనక చక్రం గోడకు ఆనేలా నిటారుగా నిలబెట్టండి. గోడ నుంచి పెడళ్ల ఇరుసు కేంద్రానికి, సీటు ముక్కుకు, హ్యాండిల్ కడ్డీ నడిమికి ఎంతెంత దూరమో టేపుతో కొలవండి. దారానికి ఒక నట్టు కట్టి వేలాడదీస్తే కొలత పక్కకు పోదు. తరువాత నేల నుంచి ఇరుసు ఎత్తు, సీటు ఎత్తు, హ్యాండిల్ ఎత్తు రాసుకోండి. అన్నిటి నుంచి ఇరుసు కొలతను తీసివేస్తే, సీటు ఎంత వెనక్కి ఉందో, హ్యాండిల్ ఎంత ముందుకు, ఎంత పైకి ఉందో వస్తుంది. చివరగా సీటు ముక్కు నుంచి మీ బొటనవేలి సందు ఆనే బ్రేకు హుడ్ల (బ్రేకు లీవర్ల మీద చేతులు ఆనించే రబ్బరు పట్టుల) లోతు వరకు ఉన్న దూరం. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన కొలత ఇదే, అయినా దుకాణాల్లో మనిషి ఎత్తూ కాలి పొడవూ అడుగుతారే తప్ప దీని గురించి ఎవరూ అడగరు.

ఇక లెక్క చూద్దాం. సీటు ట్యూబ్, టాప్ ట్యూబ్ రెండూ 560 మి.మీ., సీటు ట్యూబ్, హెడ్ ట్యూబ్ కోణాలు రెండూ 73 డిగ్రీలు ఉన్న పాత ఫ్రేమ్‌కు స్టాక్ సుమారు 560, రీచ్ సుమారు 388 వస్తాయి. స్పెషలైజ్డ్ టార్మాక్ ఎస్ఎల్7 అనే నేటి పందెపు సైకిల్‌లో 56 సైజుకు స్టాక్ 565, రీచ్ 395. అంటే ఫ్రేముల మధ్య తేడా చాలా చిన్నది! అసలు తేడా ఫ్రేమ్‌కు పైన ఉంది. పాత సైకిల్‌లో హెడ్‌సెట్ (హెడ్ ట్యూబ్‌లోని బేరింగు) పైభాగమూ, దాని మీద బయటికి కనిపించే క్విల్ స్టెమ్ (హ్యాండిల్‌ను పట్టి ఉంచే పాతకాలపు ముక్క) మెడా కలిసి స్టెమ్‌ను 70 మి.మీ. దాకా పైకి తీసుకువెళ్తాయి. స్టీరర్ (హెడ్ ట్యూబ్ లోపలి నుంచి పైకి వచ్చే ఫోర్క్ గొట్టం) వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి పైకి వెళ్లే ప్రతి 10 మి.మీ.కు హ్యాండిల్ 3 మి.మీ. దగ్గరవుతుంది. 100 మి.మీ. స్టెమ్‌తో ఆ హ్యాండిల్ ఇరుసు నుంచి సుమారు 468 ముందుకు, 627 పైకి ఉంటుంది. కొత్త ఫ్రేమ్‌కు అదే పొడవు గల మైనస్ 6 డిగ్రీల (స్టీరర్‌కు లంబంగా ఉండే దిశ కన్నా 6 డిగ్రీలు కిందికి వంగిన) స్టెమ్ వేసి, స్పేసర్లు (స్టెమ్‌ను ఎత్తే ఉంగరాలు) దాదాపు లేకుండా నిలబెడితే హ్యాండిల్ సుమారు 15 మి.మీ. దూరమూ, 10 మి.మీ. కిందా అవుతుంది. దీనికి తోడు, నేటి గేర్ లీవర్ల హుడ్లు పాత బ్రేకు లీవర్ల కన్నా పొడవు. మీ చేతులు సాగినట్టు అనిపించడానికి కారణం ఇదే. అదే ఫ్రేమ్‌కు 90 మి.మీ. స్టెమ్, 15 మి.మీ. దాకా స్పేసర్లు, ముందుకు తక్కువగా సాగే కాంపాక్ట్ హ్యాండిల్ వేస్తే పాత చోటికి దాదాపుగా చేరుతుంది.

ఇప్పుడు 54 సంగతి. అదే టార్మాక్‌లో 54కు స్టాక్ 544, రీచ్ 384. మీకు కావలసిన దగ్గరితనం 11 మి.మీ. మాత్రమే దొరుకుతుంది, దానికి బదులుగా హ్యాండిల్ 21 మి.మీ. కిందికి పోతుంది. మెడ ఎత్తవలసి వస్తున్నదన్న మనిషి చిన్న ఫ్రేమ్ కొనడం నాకు సరైనదిగా తోచదు. పాత సైకిల్ మీద మీ హ్యాండిల్ సీటుకు దాదాపు సమానమైన ఎత్తులో ఉండి ఉంటే పందెపు సైకిళ్లను వదిలి ట్రెక్ డొమానే, జైంట్ డిఫై, స్పెషలైజ్డ్ రూబే వంటి దూరప్రయాణపు సైకిళ్లను చూడండి. వీటిలో అదే సైజుకు స్టాక్ ఎక్కువ, రీచ్ తక్కువ ఉంటాయి. స్పేసర్ల గుట్ట లేకుండానే ఎత్తు వస్తుంది.

టాప్ ట్యూబ్ పొడవును మాత్రం పోల్చకండి. ఒకే పొడవున్నా సీటు ట్యూబ్ 73కు బదులు 74 డిగ్రీలుంటే అసలు రీచ్ సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. నిటారు కోణం వల్ల సీటు కూడా ముందుకు జరుగుతుంది కాబట్టి సీటు పాత సైకిల్‌లో ఉన్నంత వెనక్కి రావడానికి 20 లేదా 25 మి.మీ. ఆఫ్‌సెట్ ఉన్న (సీటును అంత వెనక్కి పట్టే) సీటు పోస్టు కావలసి రావచ్చు. ముందు సీటును ఇరుసుతో పోల్చి పాత చోటికి తెచ్చి, ఆ తరువాతే హ్యాండిల్ దూరం చూడాలి. ఈ క్రమం తప్పితే చేతుల బాధను తీర్చడానికి సీటును ముందుకు జరుపుతారు, ఆ భారం మోకాళ్ల మీద పడుతుంది. క్రాంకు (పెడల్ చేయి) పొడవు 170 మి.మీ. నుంచి 172.5కు మారితే సీటును 2.5 మి.మీ. దించాలి.

కొనేటప్పుడు హ్యాండిల్, స్టెమ్ ఒకే ముక్కగా వచ్చే సైకిల్ జోలికి వెళ్లవద్దని నా సలహా. స్టెమ్ 10 మి.మీ. మార్చాలన్నా మొత్తం కొత్తది కొనాలి, లోపలి బ్రేకు గొట్టాలు విప్పాలి. విడి స్టెమ్ ఉన్నది తీసుకుని, మీ కొలతల చీటీ దుకాణదారుకు ఇచ్చి, ఆ మేరకు అమర్చిన తరువాతే తొక్కి చూడండి. కార్బన్ స్టీరర్ మీద ఎన్ని మి.మీ. స్పేసర్లు వేయవచ్చో తయారీదారు చెప్పిన పరిమితిని అడిగి తెలుసుకోండి. హ్యాండిల్ ఎత్తు తేలేవరకు, అంటే కొన్ని వారాల పాటు రోజువారీ దారిలో తొక్కి నిర్ధారించుకునేవరకు, స్టీరర్‌ను కోయనివ్వకండి. మిగిలిన స్పేసర్లను స్టెమ్ పైన ఉంచితే సరిపోతుంది.