డ్రమ్స్ మానేసినా చెవిలో మోత ఆగట్లేదు.. కిట్ అమ్మేయాలా?

ప్రశ్న: నా వయసు 43. హైదరాబాద్‌లో ఒక రాక్ బ్యాండ్‌లో పదిహేనేళ్లు డ్రమ్స్ వాయించాను. బ్యాండ్ విడిపోయాక మా ఊరొచ్చేసి, ముమ్మిడివరం దగ్గర రొయ్యల చెరువులు చూసుకుంటున్నాను. ఏడాదిగా రెండు చెవుల్లోనూ కీచుమని ఒకటే మోత, ఎడమ వైపు ఎక్కువ. చెరువు గట్టు మీద తెలియదు, ఇంటికొచ్చి పడుకుంటే నిద్ర పట్టనివ్వదు. నలుగురిలో మాటలు సరిగా అర్థం కావు. నిద్ర కోసం రాత్రిళ్లు మందు (మద్యం) అలవాటైంది. డ్రమ్ కిట్ అమ్మేయమని ఇంట్లో గొడవ. ఇది తగ్గుతుందా?
- ఒక పాఠకుడు, కోనసీమ

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఇది పెద్ద శబ్దాల వల్ల వచ్చిన వినికిడి లోపం, దాని వెంట వచ్చే హోరు అనిపిస్తోంది. ఈ హోరునే టినిటస్ అంటాం. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలు మించి ఉండకూడదని లెక్క. ఆపైన పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. అంటే 100 దగ్గర పావుగంటే. డ్రమ్స్ గట్టిగా వాయిస్తే 100 దాటడం మామూలే. పైగా కుడిచేతి వాటం వాళ్లకి హైహ్యాట్ (ఒకదానికొకటి కొట్టుకునే జత తాళాలు) ఎడమ పక్కనే మోగుతుంది.

లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కణాలు ఒకసారి చచ్చిపోతే మళ్లీ పుట్టవు. ముందుగా దెబ్బతినేవి 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల సన్నటి శబ్దాలను పట్టేవి. అందుకే మీకు మాట వినిపిస్తుంది కానీ ‘స’, ‘ష’ లాంటివి జారిపోతాయి. పెళ్లి భోజనాల్లో పక్కవాళ్లు ఏమన్నారో తెలియక నవ్వేసి ఊరుకునే పరిస్థితి అదే. రావాల్సిన శబ్దం రాకపోయేసరికి మెదడు, స్టేషన్ దొరకని రేడియోకి వాల్యూమ్ పెంచినట్టు చేస్తుంది. ఆ గరగరే మీకు వినపడే మోత.

చెరువు దగ్గర నీటిలో గాలి కలిపే ఏరేటర్ల చప్పుడు దాన్ని కప్పేస్తోంది. అలాగని జనరేటర్ షెడ్డులో మంచం వేసుకోకండి, ఆ మోత మిగిలిన చెవిని కూడా తినేస్తుంది. పడకగదిలో ఫ్యానో, ఫోన్‌లో వాన చప్పుడో హోరు కన్నా కాస్త తక్కువగా పెట్టుకోండి. మరీ నిశ్శబ్దమైన గది మీకు పనికిరాదు.

ఈఎన్‌టీ (చెవి, ముక్కు, గొంతు) డాక్టర్‌కి చూపించి ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష చేయించుకోండి. కాకినాడ ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లో ఈఎన్‌టీ విభాగం ఉంది. ఒక్కోసారి గుబిలి పేరుకున్నా హోరు వస్తుంది. బీపీ, థైరాయిడ్, రక్తహీనత కూడా చూడాలి. రెండు చెవుల వినికిడికీ తేడా బాగా ఉంటే ఎంఆర్‌ఐ అడగొచ్చు, కంగారు పడకండి. హోరును పూర్తిగా పోగొట్టే మాత్ర ఇప్పటికైతే లేదు. వినికిడి తగ్గినవాళ్లలో చాలామందికి చెవి మిషన్ పెట్టుకుంటే మాటతో పాటు హోరు కూడా సర్దుకుంటుంది. దాన్ని పట్టించుకోకుండా ఉండేలా మనసుకు అలవాటు చేసే కౌన్సెలింగ్ కూడా బాగా పనిచేస్తుంది. వెల్లుల్లి వేసి కాచిన నూనె మాత్రం చెవిలో పోయకండి, ఎవరు చెప్పినా సరే.

ఇక మందు సంగతి. తాగితే నిద్ర త్వరగా వస్తుంది, తెల్లవారుజామున మెలకువ తెప్పిస్తుంది. ఆ వేళలో హోరు మరింత పెద్దగా వినిపిస్తుంది. రోజూ తాగుతుంటే మాత్రం ఒక్కసారిగా మానేయకుండా డాక్టర్‌తో చెప్పి తగ్గించండి. నాకు అనుమానమల్లా, మీ నిద్ర చెడగొడుతున్నది హోరొక్కటేనా అని. స్టేజీ దిగి, అలవాటైన చప్పట్లు, స్నేహితులు, రాత్రి బతుకు అన్నీ ఒకేసారి పోయినవాళ్లకి దిగులు రావడం సహజం. రెండు వారాలుగా దేని మీదా ఆసక్తి లేకపోతే డాక్టర్‌తో చెప్పండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం.

అందుకే కిట్ అమ్మొద్దంటాను. అమెరికా రాక్ బ్యాండ్ మెటాలికా డ్రమ్మర్ లార్స్ ఉల్రిచ్ తనకూ టినిటస్ ఉందని బాహాటంగానే చెప్పారు, డ్రమ్స్ మానలేదు. మీరూ సంగీతకారుల ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుని, రోజూ కాసేపు ప్రాక్టీస్ ప్యాడ్ (చప్పుడు తక్కువ చేసే రబ్బరు పలక) మీద వాయించుకోండి. దూది పెట్టుకుంటే చాలదు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లినా, పెళ్లి డీజే దగ్గర నిలబడినా ఆ ప్లగ్స్ జేబులో ఉండాలి.

ఉన్నట్టుండి ఒక చెవి వినపడటం మానేస్తే, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. స్టెరాయిడ్లు మొదటి రోజుల్లోనే బాగా పనిచేస్తాయి. హోరు నాడితో పాటు కొట్టుకున్నట్టున్నా, కళ్లు తిరుగుతున్నా ఆలస్యం చేయొద్దు. వినికిడి పరీక్ష ఫలితం ఉండే ఆడియోగ్రామ్ కాగితం దాచుకోండి, ఏడాది తర్వాత చేయించేదానితో పోల్చి చూడాలి.