ఆఫీసు యాక్సెస్ ఫైల్‌లో మార్పు చేశాక కౌంటర్‌లో తెరుచుకోవడం లేదు

ప్రశ్న: బీకాం (కంప్యూటర్ అప్లికేషన్స్) అయ్యాక విజయవాడ ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్ట్స్ హోల్‌సేల్ షాపులో చేరాను. బిల్లులు ట్యాలీలో వేస్తాం. ఏ ర్యాక్‌లో ఏ సరుకుంది, వారంటీ కింద వెనక్కి వచ్చినవి ఏమయ్యాయి అన్నది మాత్రం ఎప్పుడో ఎవరో చేసిపెట్టిన మైక్రోసాఫ్ట్ యాక్సెస్ ఫైల్‌లో ఉంటుంది. ఐదుగురం అదే ఫైల్ తెరుస్తాం. కౌంటర్ సిస్టమ్‌లో ఆఫీస్ 2007, మిగతావాటిలో 2016, నాకిచ్చిన కొత్త ల్యాప్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ 365 ఉన్నాయి. రేటును సంఖ్యతో గుణించి మొత్తం చూపే కాలమ్ ఒకటి స్టాక్ టేబుల్‌లో కలిపాను. మర్నాడు కౌంటర్‌లో ఆ టేబుల్ తెరుచుకోలేదు. బాగున్నదాన్ని పాడుచేశానని అందరూ అంటున్నారు. అన్ని సిస్టమ్‌లకూ కొత్త ఆఫీస్ కొనడం కుదరదని ఓనర్ చెప్పేశారు. దీన్నెలా సరిచేయాలి? అసలీ యాక్సెస్ పని నా కెరీర్‌కు పనికొస్తుందా, మానేసి అమీర్‌పేటలో కోర్సు చేరాలా?

జవాబు: ముందు ఫైల్ సంగతి చూద్దాం. మీ రెండో ప్రశ్నకు కావాల్సిన సరుకు చాలావరకు అందులోనే ఉంది.

మీరు కట్టిన లెక్కలో తప్పు లేదు. టేబుల్‌లోనే లెక్క కట్టే ఆ రకం ఫీల్డ్ యాక్సెస్ 2010లో వచ్చింది, 2007కు అదేమిటో తెలియదు. ఫైల్ పేరు చివర అందరికీ ఏసీసీడీబీ (.accdb) అనే కనిపిస్తుంది కాబట్టి అన్నీ ఒకటే అనుకుంటాం. ఆ ఫార్మాట్ 2007తోనే మొదలైంది, నిజమే. కానీ పేరు మారకుండానే లోపల కొత్త సౌకర్యాలు చేరుతూ వచ్చాయి. ఆ కాలమ్ తీసేసి గుణకారాన్ని క్వెరీలో (టేబుల్ నుంచి కావాల్సింది తీసి చూపే ఆదేశంలో) పెట్టండి, ఏ వెర్షన్‌లోనైనా వస్తుంది. లెక్క కట్టి రాబట్టగలిగేదాన్ని టేబుల్‌లో దాచొద్దని మీ డేటాబేస్ పేపర్‌లో చదివే ఉంటారు. తీశాక కూడా 2007 మొరాయిస్తే ఖాళీ డేటాబేస్ ఒకటి తెరిచి, టేబుళ్లు, క్వెరీలు, ఫారాలు అన్నీ అందులోకి ఇంపోర్ట్ చేయండి. ఇదంతా షాపు మూశాక, కాపీ తీసి దాని మీదే చేయాలి.

మీ ల్యాప్‌టాప్‌లో ఇంతకన్నా ప్రమాదమైనవి ఉన్నాయి. 'లార్జ్ నంబర్', 'డేట్/టైమ్ ఎక్స్‌టెండెడ్' అనే డేటా టైపులను ఒక్కసారి వాడితే పాత వెర్షన్‌లో టేబుల్ కాదు, మొత్తం ఫైలే తెరుచుకోదు. వాటి జోలికి వెళ్లొద్దు.

అయితే మీ ఆఫీసులో అసలు జబ్బు ఐదుగురూ ఒకే ఫైల్ తెరవడం. దాన్ని రెండుగా విడదీయాలి. డేటాబేస్ టూల్స్ ట్యాబ్‌లో 'యాక్సెస్ డేటాబేస్' అనే బటన్ ఈ పని చేస్తుంది. టేబుళ్లు మాత్రమే ఉన్న ఫైల్, అంటే బ్యాక్ ఎండ్, ఆఫీసు షేర్డ్ ఫోల్డర్‌లో ఉంటుంది. ఫారాలు, రిపోర్టులు, క్వెరీలు ఉన్న ఫ్రంట్ ఎండ్‌ను ఎవరి సిస్టమ్‌లో వారికి విడిగా కాపీ చేయాలి. అప్పుడు మీరు కొత్త రిపోర్టు చేసుకున్నా కౌంటర్‌కు ఇబ్బంది రాదు. 2007 వాళ్లకు ఒక ఫ్రంట్ ఎండ్, మిగతా వాళ్లకు మరొకటి ఇచ్చినా ఫర్వాలేదు. బ్యాక్ ఎండ్‌ను మాత్రం 2007కు అర్థమయ్యే హద్దులోనే ఉంచాలి. అందరికీ ఆ ఫోల్డర్‌లో రాసే, తుడిచే అనుమతి ఉండాలి. ఫైల్ తెరిచినప్పుడు పక్కనే లాక్ ఫైల్ పుడుతుంది, అందరూ మూసేశాక పోతుంది. అనుమతి లేనివాళ్లు ముందుగా తెరిస్తే మిగతావాళ్లు లోపలికి రాలేకపోవచ్చు. బ్యాకప్ కూడా అయిపోతుంది కదా అని బ్యాక్ ఎండ్‌ను వన్‌డ్రైవ్‌లో పెట్టాలనిపిస్తుంది. వద్దు. ఒకే సమయంలో ఇద్దరు రాసినవి సింక్‌లో కలవవు, ఒకరివి పోతాయి.

ఉమ్మడి ఫ్రంట్ ఎండ్ చేస్తే దాన్ని అన్నిటికన్నా పాత సిస్టమ్ మీద చేయండి. ఎక్సెల్‌కు పంపే కోడ్ లాంటిది ఉంటే కొత్త వెర్షన్‌లో తెరిచినప్పుడు దాని రిఫరెన్స్ (ఆ కోడ్ ఏ ఎక్సెల్‌ను వాడాలో చెప్పే లంకె) తనంతట తానే కొత్త ఎక్సెల్‌కు మారిపోతుంది. అదే ఫైల్ పాత సిస్టమ్‌కు వెళితే 'మిస్సింగ్' అని చూపిస్తుంది. విచిత్రం ఏమిటంటే, అప్పుడు ఎక్సెల్‌తో ఏ సంబంధమూ లేని డేట్, లెఫ్ట్ లాంటి మామూలు ఫంక్షన్లు కూడా ఆగిపోతాయి. ఎక్కడ తప్పుందో తెలియక రోజంతా పోతుంది. కోడ్‌లో ఆ రిఫరెన్స్‌కు బదులు క్రియేట్‌ఆబ్జెక్ట్ అనే ఫంక్షన్ వాడితే ఈ గొడవ తప్పుతుంది. అలాగే ఏసీసీడీఈగా (ఫారాలు, కోడ్ ఎవరూ మార్చలేని రకం ఫైల్‌గా) మార్చి ఇవ్వాలనుకుంటే 64 బిట్‌లో చేసింది 32 బిట్ ఆఫీస్‌లో నడవదు. మీ 365 బహుశా 64 బిట్ అయి ఉంటుంది, చూసుకోండి.

ఓనర్‌తో మరో మాట. ఫారాలు నింపడానికి మాత్రమే వాడేవాళ్లకు పూర్తి యాక్సెస్ అవసరం లేదు. ఫైల్‌ను వాడటానికే తప్ప డిజైన్ మార్చడానికి వీల్లేని యాక్సెస్ రన్‌టైమ్‌ను మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇస్తుంది. కౌంటర్ సిస్టమ్‌లోని విండోస్ దానికి సరిపోతుందో లేదో ముందు చూడాలి. ఆఫీస్ 2007కు సెక్యూరిటీ అప్‌డేట్లు 2017లో ఆగాయి, 2016కు 2025 అక్టోబర్‌లో ఆగాయి. ఈ రెండు సంవత్సరాలు చెప్పి, సిస్టమ్‌లు ఒక్కొక్కటిగా మార్చమని అడగండి. ఈలోగా ఎవరైనా క్రాక్ వెర్షన్ వేసేద్దామంటే మీ చేత్తో మాత్రం వేయకండి. రేపు ఏం జరిగినా మీ పేరే చెబుతారు.

మీమీద వచ్చిన మాటకు వాదన పెట్టుకోకండి. ఏ సిస్టమ్‌లో ఏ వెర్షన్, ఎన్ని బిట్లు, ఏ తేదీన ఏం మార్చారు అన్నవి ఒక నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టండి. మార్పు చేసే ముందు కౌంటర్ మీద ఉండే వ్యక్తిని పిలిచి, ఆయన సిస్టమ్ మీదే పరీక్షించండి. మిమ్మల్ని ఎక్కువగా అన్నది ఆయనే అయినా సరే, ఆయనే ముందు చూడాలి.

ఇక కెరీర్. యాక్సెస్ ఒక్కటే వచ్చని చెబితే పెద్దగా విలువ ఉండదు, అది నిజం. 2 జీబీ దాటని ఫైల్‌తో కంపెనీలు ఎంతకాలమో నడవవు. కానీ మీ చేతిలో ఇప్పుడు నిజమైన డేటా, నిజమైన వాడకందార్లు ఉన్నారు. కోర్సులో ఈ రెండూ దొరకవు. అందుకే ఉద్యోగం మానేయొద్దంటాను. సాయంత్రాలు ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ నుంచి సమాచారం అడిగే భాష) నేర్చుకోండి. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో డీబీఎంఎస్ (డేటాబేస్ నిర్వహణ) పాఠాలు ఉచితం. తర్వాత ఉచితంగా దొరికే ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ అనే మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌ను మీ ల్యాప్‌టాప్‌లో వేసి, బ్యాక్ ఎండ్ కాపీని అందులోకి మార్చి, యాక్సెస్ ఫారాలను ఓడీబీసీతో (వేరే డేటాబేస్‌కు కలిపే వారధి) దానికి కలిపి చూడండి. అది నడిస్తే ఓనర్‌కు చూపించండి. ఎంఐఎస్ ఎగ్జిక్యూటివ్, డేటా అనలిస్ట్, అప్లికేషన్ సపోర్ట్ ఉద్యోగాల ఇంటర్వ్యూలో ఈ కథ పూర్తిగా చెప్పగలిగితే సర్టిఫికెట్ కన్నా ఎక్కువ సేపు వింటారు. అమీర్‌పేట అప్పటికీ అవసరమనిపిస్తే పవర్ బీఐ (డేటాను చార్టులుగా చూపే సాఫ్ట్‌వేర్) లాంటి ఒక్క విషయానికి వెళ్లండి, మొత్తం ప్యాకేజీకి ఫీజు కట్టొద్దు.

మానేసే రోజు వచ్చినప్పుడు అనుభవ పత్రంలో 'డేటా ఎంట్రీ' అని రాసిస్తే తీసుకోకండి. ఐదు సిస్టమ్‌ల స్టాక్ డేటాబేస్ నిర్వహణ అని రాయమనండి. నోట్‌బుక్ చూపిస్తే ఓనర్ కాదనరు.