టెక్ సందేహాలు: రమ్మీ యాప్ పోయింది, లింకు వచ్చింది

ప్రశ్న: నేను ఆడే రమ్మీ యాప్ 2025 ఆగస్టు తర్వాత ఆగిపోయింది. అదే యాప్ అంటూ టెలిగ్రామ్ గ్రూపులో ఒకాయన ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్ ఎక్కించే ఫైల్) పెట్టారు. ఇన్‌స్టాల్ చేయబోతే హానికరమైన యాప్ అని ఫోన్ అడ్డుపడుతోంది. ఆ వార్నింగ్ తీసేయడం ఎలా? రమ్మీ నైపుణ్యమున్న ఆటేనని కోర్టు కూడా చెప్పింది కదా! (గాజువాక నుంచి ఒక పాఠకుడు)

తీసేయకండి. ఈ ఉత్తరం మధురవాడ నుంచీ వస్తోంది, గోపాలపట్నం నుంచీ వస్తోంది. అందరూ అడిగేది వార్నింగ్ ఎలా పోతుందనే. అది ఎందుకు వచ్చిందని అడిగినవాళ్లు లేరు.

మీరు ఆడిన యాప్ మూతపడింది. గ్రూపులో పెట్టింది దాని బొమ్మ అతికించిన ఇంకేదో. ఒకవేళ ఇన్‌స్టాల్ చేస్తే అది ముందుగా ఎస్సెమ్మెస్ పర్మిషన్ అడుగుతుంది. పేకాటకి మీ మెసేజ్‌లతో పనేంటి? పని ఓటీపీలతో. ఆ తర్వాత యాక్సెసిబిలిటీ అడుగుతుంది. చూపు సరిగా లేనివాళ్లు ఫోన్ వాడుకోవడానికి పెట్టిన సౌకర్యం అది. అది చేతికొస్తే ఆ యాప్ మీ స్క్రీన్ మీద ఉన్నదంతా చదవగలదు, మీ బదులు తనే బటన్లు నొక్కగలదు. అన్‌ఇన్‌స్టాల్ చేద్దామని మీరు సెట్టింగ్స్ తెరిస్తే వెనక్కి నొక్కేసి మూసేయగలదు కూడా. ఆండ్రాయిడ్ 13 నుంచి ఇలా ప్లే స్టోర్ బయటి నుంచి వచ్చే యాప్‌లకి ఈ స్విచ్ మామూలుగా పనిచేయకుండా కట్టడి చేశారు. అందుకని మోసగాళ్లు ఫైల్‌తోపాటు చిన్న వీడియో కూడా పంపుతున్నారు: పైన మూడు చుక్కలు నొక్కండి, ‘అలో రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్స్’ నొక్కండి అని. జనం బుద్ధిగా నొక్కుతున్నారు.

ఇప్పటికే నొక్కేసి ఉంటే ముందు నెట్ ఆపండి. ఫోన్‌ని సేఫ్ మోడ్‌లో (మీరు వేసుకున్న యాప్‌లు నడవని స్థితిలో) తెరిచి యాప్ తీసేయండి. పోనంటే సెట్టింగ్స్‌లో డివైజ్ అడ్మిన్ (ఫోన్ మీద అదనపు అధికారాలున్న యాప్‌ల) జాబితాలో దాని టిక్కు తీసి మళ్లీ చూడండి. అప్పటికీ మొండికేస్తే ఫోటోలు దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయడమే. బ్యాంకు పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి. డబ్బు పోయి ఉంటే ఇవన్నీ తర్వాత, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఇంకొకటి: టెలిగ్రామ్‌కి మీరిచ్చిన ‘ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్’ అనుమతి ఇప్పటికీ ఆన్‌లోనే ఉంటుంది. ఆపేయండి.

ఇక కోర్టు సంగతి. 1967లో మన రాష్ట్రానికి చెందిన కేసులోనే సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట అంది నిజమే. అది క్లబ్బులో బల్ల చుట్టూ కూర్చుని ఆడిన రమ్మీ. 2020లో ఆంధ్రప్రదేశ్ తన చట్టాన్ని సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది. అప్పుడు మనవాళ్లేం చేశారు? ఫేక్ జీపీఎస్ పెట్టుకుని, బీచ్ రోడ్డులో కూర్చుని బెంగళూరులో ఉన్నామన్నారు. దానికోసం తెరిచిన డెవలపర్ ఆప్షన్స్ కొందరి ఫోన్లలో ఇప్పటికీ అలాగే ఉండిపోయాయి. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న వాదననే పక్కన పెట్టేసింది. డబ్బు కట్టి, డబ్బు వస్తుందని ఆశించి ఆడితే చాలు, నిషేధం. నడిపేవాళ్లకి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడినవాళ్లకి ఈ చట్టంలో శిక్ష లేదు. దీన్ని సవాలు చేస్తూ హైకోర్టుల్లో పడిన పిటిషన్లను సుప్రీంకోర్టు తన దగ్గరికి తెప్పించుకుంది.

నిషేధిస్తే ఆటగాళ్లు విదేశీ సైట్లకి పోతారని, తాము కేవైసీ చేశామని, 2023 అక్టోబర్ నుంచి 28 శాతం జీఎస్టీ కట్టామని కంపెనీల వాదన. ఇళ్లు గుల్లవుతున్నాయని ప్రభుత్వం మాట. నాకొచ్చే ఉత్తరాలు చూస్తే మొదటి మాటలో నిజముంది. సైట్ బ్లాక్ చేస్తే పేరు చివర ఒక అంకె మార్చి మర్నాడే మళ్లీ తెరుస్తున్నారు. అయినా ఆ కంపెనీల మీద నాకు జాలి లేదు. డబ్బు వేయడం చిటికెలో పని, తీసుకోవడం మాత్రం ప్రహసనం అన్నట్టుండేవి చాలా యాప్‌లు. అది అనుకోకుండా జరిగిన డిజైన్ అంటే నేను నమ్మను. నా ఉద్దేశంలో నిషేధం నిజంగా పనిచేయాల్సిన చోటు చెల్లింపు. ఈ లింకుల్లో డబ్బు కట్టే క్యూఆర్ కోడ్ చూడండి. ఓసారి ఎవరిదో టీ కొట్టు పేరు, ఇంకోసారి ఎవరో కుర్రాడి పేరు. ఆ కుర్రాడి సంగతి కింద ఉంది.

ప్రశ్న: మా అబ్బాయికి కొన్న చవక ఫోన్‌లో లాక్ స్క్రీన్ మీదే బెట్టింగ్ ప్రకటనలు వస్తున్నాయి. (పెందుర్తి)

డబ్బిచ్చి కొన్న ఫోన్ తాళం తీయకముందే ప్రకటన చూపించడం సిగ్గులేని వ్యాపారం. తక్కువ ధర ఫోన్లలో ఇది మామూలైపోయింది. పైగా ప్రతి అప్‌డేట్‌కీ మళ్లీ ఆన్ అవుతుంటుంది. లాక్ స్క్రీన్ సెట్టింగ్స్‌లో ఈ ప్రకటనలు తెచ్చే వాల్‌పేపర్ సర్వీసు ఆపండి. క్రికెట్ స్కోర్ల పేరుతో వచ్చే సైట్లకి నోటిఫికేషన్ అనుమతి ఇచ్చి ఉంటే బ్రౌజర్‌లో తీసేయండి. ప్రకటనలిచ్చేవాళ్లకీ పైన చెప్పిన కేంద్ర చట్టంలో రెండేళ్ల దాకా జైలుంది, కాబట్టి స్క్రీన్‌షాట్ తీసి సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి.

ప్రశ్న: ఫ్రెండ్ అడిగితే నా బ్యాంకు ఖాతా, సిమ్ ఇచ్చాను. నెలకి కొంత ఇస్తానన్నాడు. ఇప్పుడు ఖాతా ఫ్రీజ్ అయింది. ఏదైనా యాప్‌తో అన్‌ఫ్రీజ్ చేయొచ్చా? (మద్దిలపాలెం, ఇంజినీరింగ్ విద్యార్థి)

అలాంటి యాప్ లేదు. ఉందని ఎవరైనా చెబితే వాడు కూడా మోసగాడే. మీ ఖాతాలోంచి వెళ్లింది బెట్టింగ్ డబ్బో, ఎవరినో మోసం చేసి లాగిన డబ్బో అయి ఉండొచ్చు. ఏ ఊరి పోలీసులు ఆపమన్నారో, ఫిర్యాదు నంబర్ ఏమిటో బ్యాంకు శాఖలో రాతపూర్వకంగా అడగండి. ఆ సిమ్ ఈరోజే బ్లాక్ చేయించండి. కేంద్ర టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో మీ పేరు మీద ఇంకేం నంబర్లున్నాయో చూసుకోండి. ఫ్రెండ్‌తో జరిగిన చాట్ డిలీట్ చేయకండి, అదే మీకు ఆధారం. ఇంట్లో చెప్పి, లాయర్‌ని వెంటబెట్టుకుని స్టేషన్‌కి వెళ్లండి.