మార్గ్ మొదట ఆర్కిటెక్టుల పత్రికే

మార్గ్ పత్రిక మొదట ఆర్కిటెక్టులదని విన్నాను, నిజమేనా అన్నారు. అవునండీ, మీరు విన్నది నిజమే. గుడి శిల్పాలు, సూక్ష్మచిత్రాలు, పాత వస్త్రాల మీద అందంగా అచ్చయ్యే కళల పత్రిక మార్గ్ ఒకప్పుడు ఆర్కిటెక్టుల పత్రికే. అది ఎప్పుడు, ఎందుకు మారింది, ఆ పాత సంచికలు ఇప్పుడు చదివితే ప్రయోజనం ఉందా అని అడిగారు కదా. నా ఆర్కిటెక్చర్ చివరి ఏడాది థీసిస్ నవీ ముంబై మీద. ఆ పని కోసమే మా కాలేజీ లైబ్రరీలో మార్గ్ పాత సంపుటాలు తిరగేయడం మొదలుపెట్టాను. థీసిస్ అయిపోయినా ఆ అలవాటు పోలేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదటి సంచిక 1946 అక్టోబరులో బొంబాయి నుంచి వచ్చింది. స్వాతంత్ర్యం ఇంకా రాలేదు, వస్తుందని మాత్రం అందరికీ తెలుసు. వచ్చాక ఊళ్లు ఎలా కట్టుకోవాలి, ఇళ్లు ఎలా ఉండాలి అన్నది ఆ పత్రిక పెట్టినవాళ్ల తపన. సంపాదకుడు ముల్క్ రాజ్ ఆనంద్ నవలా రచయిత, ఆర్కిటెక్ట్ కాదు. ఆయనతో కలిసినవాళ్లలో మాత్రం ఆర్కిటెక్టులు గట్టివాళ్లే ఉన్నారు. సిలోన్ (ఇప్పటి శ్రీలంక) నుంచి వచ్చి బొంబాయిలో చదువుకున్న మినెట్ డి సిల్వా ఒకరు. అప్పటికి మైసూరు సంస్థానంలో చీఫ్ ఆర్కిటెక్ట్‌గా ఉన్న జర్మన్ ఒటో కోనిగ్స్‌బర్గర్ ఇంకొకరు. తర్వాత 1948లో భువనేశ్వర్‌కి ప్లాన్ గీసింది ఆయనే. మినెట్ అక్క అనిల్ డి సిల్వా సహాయ సంపాదకురాలు. మోడర్న్ ఆర్కిటెక్చరల్ రీసెర్చ్ గ్రూప్ అన్న పేరులోని మొదటి అక్షరాలే పత్రిక పేరయ్యాయి. మొదటి సంపాదకీయానికి 'ప్లానింగ్ అండ్ డ్రీమింగ్' అని పేరు పెట్టారు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. జె.ఆర్.డి. టాటా రెండు గదులు, ఏడు ప్రకటనలు ఇచ్చారని, వాటితోనే పత్రిక నడక మొదలైందని మార్గ్ వాళ్లే చెప్పుకుంటారు. నేను చదివిన లైబ్రరీ సంపుటాల్లో ఒక్క ప్రకటన కూడా లేదు. బైండింగ్ చేయించేటప్పుడు అట్టలు, ప్రకటనల పేజీలు తీసేసి వ్యాసాలు మాత్రమే కుట్టారు. చాలా లైబ్రరీల్లో ఇదే పద్ధతి. తర్వాతెప్పుడో పాత పుస్తకాల దుకాణంలో బైండు చేయని సంచిక ఒకటి దొరికింది. అందులో వ్యాసాలకు ముందూ వెనకా సిమెంటు, ఉక్కు, శానిటరీ సామాను ప్రకటనలు ఉన్నాయి. ఆ పేజీలు చూశాకే నాకు ఈ పత్రిక ఎవరి బల్ల మీదకు వెళ్లేదో తెలిసింది. సిమెంటు కంపెనీ ప్రకటన ఇచ్చిందంటే, సిమెంటు ఎంత వాడాలో నిర్ణయించేవాడు ఆ పేజీ తిరగేస్తాడన్న నమ్మకంతోనే కదా. పత్రిక చరిత్ర రాయాలనుకునేవాళ్లకి ఈ చించేసిన పేజీలు పెద్ద లోటు.

తొలి సంచికల్లో పట్టణ ప్రణాళిక, ఇళ్ల సమస్య ఒకవైపు, ప్రాచీన శిల్పం, సమకాలీన చిత్రకళ ఇంకోవైపు ఉండేవి. ఇది కలగాపులగం అనిపించవచ్చు, నాకు మాత్రం ఆ కలయికే పత్రికకు ప్రాణం అనిపిస్తుంది. 1953లో మినెట్ డి సిల్వా సిలోన్‌లోని కాండీ ఊళ్లో తాను కట్టిన ఇంటి గురించి ఇందులోనే రాసింది. కాంక్రీటూ కావాలి, స్థానిక చేతిపనీ కావాలి, రెండూ ఒకే ఇంట్లో ఇమడాలి అన్నది ఆమె పట్టుదల. ఈ ఆలోచనకి పండితులు పెద్ద పెద్ద పేర్లు పెట్టడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. 1961 డిసెంబరు సంచిక మొత్తం స్వాతంత్ర్యం వచ్చాక కొత్తగా కట్టిన చండీగఢ్ నగరం మీదే.

ఇక 1965 జూన్ సంచిక. మార్గ్ తీసిన ఆర్కిటెక్చర్ సంచికల్లో నాకు అన్నిటికంటే గొప్పది ఇదే. విషయం బొంబాయి. రాసినవాళ్లలో ముఖ్యులు ముగ్గురు: ఆర్కిటెక్టులు చార్లెస్ కొరియా, ప్రవీణా మెహతా, సివిల్ ఇంజనీరు శిరీష్ పటేల్. వాళ్ల వాదన చాలా సూటిగా ఉంటుంది. ఊరు ఉత్తరం నుంచి దక్షిణానికి సన్నగా సాగిన నేల. ఆఫీసులన్నీ దక్షిణం కొసన, జనం ఉండేది ఉత్తరాన. పొద్దున అందరూ ఒకే దిక్కుకి, సాయంత్రం అందరూ రెండో దిక్కుకి. ఎన్ని రైళ్లు వేసినా, ఊరిని ఉత్తరానికి ఇంకా సాగదీస్తే ఇరుకు పెరుగుతుందే తప్ప తగ్గదు. కాబట్టి తూర్పున నీళ్లు దాటి అవతలి గట్టు మీద సాటి నగరం కట్టాలి, ప్రభుత్వ కార్యాలయాలూ అక్కడికే కదలాలి అన్నారు. భూమి ముందే సేకరించి, అభివృద్ధి చేసి అమ్మితే ఆ డబ్బుతోనే రోడ్లు, నీళ్లు, డ్రైనేజీ వస్తాయని లెక్క కట్టారు.

పత్రికల్లో ఇలాంటి ప్రతిపాదనలు చాలా వస్తాయి, అక్కడే ఆగిపోతాయి. ఇది ఆగలేదు. ఆ సాటి నగరమే ఇప్పటి నవీ ముంబై. దాన్ని కట్టడానికి 1970లో ప్రభుత్వం సిడ్కో అనే సంస్థని పెట్టింది, కొరియా దానికి మొదటి చీఫ్ ఆర్కిటెక్ట్ అయ్యారు, పటేల్ కూడా అందులో చేరారు. ప్రాజెక్టు విస్తీర్ణం 344 చదరపు కిలోమీటర్లు. ఒక పత్రికలో వచ్చిన వాదన ఇంత పెద్ద నగరంగా నిలబడిన ఉదాహరణ మన దేశంలో ఇంకొకటి నాకు కనబడలేదు.

అయితే అనుకున్నవన్నీ జరగలేదు. సచివాలయం కదల్లేదు. ఆఫీసుల్ని తూర్పుకి పంపాలని ఒకవైపు అంటూనే, దక్షిణం కొసన నారిమన్ పాయింట్‌లో సముద్రం పూడ్చి కొత్త ఆఫీసులు కట్టుకుంటూ పోయారు. లోకల్ రైలు నీళ్ల మీది వంతెన దాటి నవీ ముంబైలోని వాశీ చేరేసరికి 1992 అయింది. థీసిస్ కోసం వెళ్లినప్పుడు పొద్దున పూట వాశీ స్టేషన్‌లో నిలబడ్డాను. ముంబై వైపు వెళ్లే బండిలో కాలు పెట్టే చోటు లేదు, ఎదురుగా వచ్చే బండిలో సీట్లు ఖాళీ. 1965 వ్యాసంలో చదివిన సమస్య కళ్లెదుటే, కాకపోతే ఇప్పుడది వంతెన ఇవతలి దాకా పాకింది. థీసిస్‌లో నేను గీసిన అన్ని డ్రాయింగుల కంటే ఆ గంట నాకు ఎక్కువ నేర్పింది.

మరి ఎందుకు మారింది? నా అంచనా చెప్తాను. ఆనంద్ గారి మనసు మొదటినుంచీ కళ మీదే, ఆయన దాదాపు 35 ఏళ్లు సంపాదకుడిగా ఉన్నారు. మరోపక్క ఆర్కిటెక్టులకి వేరే వేదికలు ఉన్నాయి. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్ జర్నల్ 1934 నుంచే ఉంది. 1957లో పత్వంత్ సింగ్ 'డిజైన్' అనే పత్రిక మొదలుపెట్టారు. వృత్తి వార్తలు, కొత్త భవనాలు అటు వెళ్లిపోయాయి. ఒక్కో సంచికకి ఒక్కో అంశం తీసుకునే పద్ధతి కళాచరిత్రకి బాగా కుదిరింది. ఒక గుడి మీదో, ఒక శైలి మీదో వచ్చే సంచికని జనం పుస్తకంలా దాచుకుంటారు. మార్గ్ కళకి చేసిన సేవ మీద నాకు చాలా గౌరవం ఉంది. కానీ రచయితలు, ఇంజనీర్లు, ఆర్కిటెక్టులు ఒకేచోట కూర్చుని ఊరి గురించి వాదించుకునే పేజీలు పోయాయన్న బాధ కూడా ఉంది. తర్వాత వచ్చిన వృత్తి పత్రికల్లో భవనాల ఫోటోలు దొరుకుతాయి, ఆ వాదన దొరకడం కష్టం.

చదవాలనుకుంటే 1965 జూన్ సంచికతో మొదలుపెట్టండి. పక్కన ముంబై మ్యాప్ పెట్టుకోండి, లేకపోతే సగం అర్థం కాదు. ఆ తర్వాత 1946 సంపాదకీయం, తర్వాత చండీగఢ్ సంచిక. ఆర్కిటెక్చర్ కాలేజీల్లో పాతవాటి లైబ్రరీల్లో అడిగితే దొరికే అవకాశం ఉంది. కేటలాగులో ఆర్కిటెక్చర్ కింద కనబడకపోతే ఫైన్ ఆర్ట్స్ కింద వెతకండి, మా లైబ్రరీలో అక్కడే పెట్టారు.